బంతి ఆగేదాకా

పంక్చర్ సొల్యూషన్ వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది, నాకు మా నాయనను తెస్తుంది. మాదాపూర్‌లో మెట్రో స్తంభాల నీడన నాదొక దుకాణం ఉంది. దుకాణమంటే ఒక గొడుగు, ఒక గాలి మిషన్, ఒక నీళ్ళ తొట్టి, నేను. ఇప్పటి బండ్ల టైర్లలో ట్యూబే ఉండదు, మేకు దిగితే రబ్బరు పుల్ల గుచ్చి సాగనంపడమే, కాబట్టి సొల్యూషన్ డబ్బా మూత తీసే అవసరం నెలకు రెండుసార్లు వస్తే ఎక్కువ. అయినా పొద్దున దుకాణం తెరవగానే మూత తీసి ఒక్కసారి వాసన చూస్తాను. క్యాబ్ డ్రైవర్లు చూసి, పాపం ఈమెకు అలవాటున్నట్టుంది అనుకుంటారు. అలవాటున్న మాట నిజమే, ఏ అలవాటో మాత్రం వాళ్ళకు తెలియదు.

ఆ డబ్బా ఉండే రేకు పెట్టెలోనే, రెంచీల కింద, పాత బనీను గుడ్డలో చుట్టిన బంతి ఒకటుంది. వెదురు దుంపను చెక్కి తెల్లరంగు వేసిన బంతి, ఒక చేతి పిడికిట్లో పట్టీ పట్టనట్టుంటుంది, రంగు పోయి ముసలివాళ్ళ పళ్ళలా పచ్చబడింది. పన్నెండేళ్ళప్పుడు అది కనపడితే నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. ఎందుకో చెప్పాలంటే మా క్లబ్బు సంగతి చెప్పాలి, క్లబ్బు సంగతి చెప్పాలంటే మల్లయ్య తాతతో మొదలుపెట్టాలి.

మాది బోరబండ స్టేషన్‌కు కాస్త ఎడంగా, బండల మధ్య ఎక్కడ జాగా దొరికితే అక్కడ గోడ లేపుకున్న ఇళ్ళ బస్తీ. మల్లయ్య తాత వయసులో ఉన్నప్పుడు ఎవరో దొరల గుర్రాలకు మాలీసు చేసేవాడట. ఆ దొరలు గుర్రాల మీద పోలో ఆడేవారు. దొరలు పోయారు, గుర్రాలు పోయాయి, తాత దగ్గర కొన్ని పొడుగాటి వెదురు కర్రలూ, ఒక ఇత్తడి విజిలూ, ఆట కానూనంతా మిగిలిపోయింది. కానూనుంది, గుర్రం లేదు. మా నాయన సాయిలుకేమో కిరాయి సైకిళ్ళ దుకాణం ఉంది. ఇద్దరూ కలిసి ఏం చేసి ఉంటారో చెప్పక్కర్లేదు. నేను పుట్టేసరికే మా బస్తీలో ఎనిమిదిమంది మెంబర్లతో సైకిల్ పోలో క్లబ్బు నడుస్తోంది. దానికి ఆఫీసు మా దుకాణం అరుగు, మైదానం మాదాపూర్ వైపు దిగే పెద్ద బయలు. ఆ బయలుకు దూరాన గుండ్రటి గాజు బిల్డింగు ఒకటి లేస్తోందని అందరూ వింతగా చెప్పుకునే రోజులవి.

మెంబర్లను చూస్తే దొరలు గుర్తొచ్చే ప్రమాదం ఏమీ లేదు. మల్లయ్య తాత గోలు ముందు సైకిలెక్కి ఒక బండకు కాలు ఆనించి కూర్చునేవాడు, అక్కడి నుంచి కదిలేవాడు కాదు, విజిల్ కూడా తనే ఊదేవాడు. తన జట్టు తప్పు చేసినప్పుడు ఆ విజిల్ దగ్గు పట్టినట్టు సన్నగా మూలిగేది. పోశెట్టి కాక టైలరు, నాయనకు ప్రాణం. మనిషి ఎంత లావంటే ఆయన ఎక్కాక సైకిల్ కనపడేది కాదు, ఆయనే గాలిలో తేలి వస్తున్నట్టుండేది. జంగయ్య మామ రాళ్ళు కొట్టేవాడు. రోజుకు రెండు మాటలు దాటి మాట్లాడితే ఎక్కడ ఏం మునిగిందోనని ఇంట్లోవాళ్ళు కంగారు పడేవారు. మూర్తిగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి మా పక్కింట్లో దిగిన గవర్నమెంటు గుమాస్తా, ఆఫీసు ప్యాంటునే మోకాళ్ళ దాకా మడిచి ఆటకు వచ్చేవారు. మిగిలిన ముగ్గురూ పాలుపోసే అన్నదమ్ములు; ఒకరిని పిలిస్తే ముగ్గురూ పలికేవారు గనుక పేర్లు విడివిడిగా నేర్చుకునే శ్రమ ఎవరూ పడలేదు. నాయన, పోశెట్టి కాక, జంగయ్య మామ, అన్నదమ్ముల్లో ఒకరు ఎర్ర జట్టు. మిగిలినవాళ్ళు తెల్ల జట్టు.

తాత దృష్టిలో సైకిలంటే గుర్రమే. ఆటకు ముందు ప్రతి సీటు మీదా గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు పెట్టించేవాడు. సైకిళ్ళు తినవు కాబట్టి ఆ పని మేము చేసేవాళ్ళం, ఉల్లిగడ్డ ముక్కలు కలుపుకుని, వేళ్ళు కాలుతున్నా ఆగకుండా. ఇంటి నుంచి బయలుదాకా మెంబర్లు సైకిలెక్కి రాకూడదు, గుర్రం అలిసిపోతుంది, అందుకని ఇంటి పిల్లలే దాన్ని నడిపించుకుని రావాలి. బంతి వెంట పోయేవాడి దారి ఆ బంతి ఆగేదాకా వాడిదే, దానికి అడ్డం పడటం అన్నిటికన్నా పెద్ద తప్పు. పక్కన వచ్చి భుజంతో భుజాన్ని నెట్టవచ్చు గానీ ముందుకొచ్చి దారి కోయకూడదు. మిగతావాళ్ళు వారానికొకసారైనా ఆ తప్పు చేసేవారు. మూర్తిగారు జీవితంలో చేయలేదు. "జంగయ్య గారూ, తమరు నా దారికి అడ్డొచ్చారండి" అని ఆయన వాక్యం పూర్తిచేసేలోపు జంగయ్య మామ గోలు కొట్టి, వెనక్కొచ్చి, బీడీ ముట్టించేవాడు.

ఇక బ్రేకులు. తాత ఎనిమిది సైకిళ్ళకూ బ్రేకులు పీకించేశాడు. "గుర్రానికి బ్రేకుంటదా?" అన్నాడట. బదులుగా వెనక చక్రాన్ని పెడళ్ళతో కలిపి బిగించేశారు: చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళు తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాలి. మామూలు సైకిల్ మీదలాగా తొక్కడం ఆపి కాళ్ళు కదపకుండా జారిపోవడం కుదరదు. ఆగాలంటే, తిరుగుతున్న పెడళ్ళను కాళ్ళతోనే వెనక్కి అదిమిపట్టాలి. మా వాళ్ళ బ్రేకులన్నీ తొడల్లోనే ఉండేవి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ఒక ప్రాణం దీని మీద వేలాడబోతోంది.

పెద్ద ఆట ఏటా దసరా తెల్లారి, అంటే పండుగ మర్నాడు పొద్దున, జరిగేది. ఆ ఏడాది మెంబరు ఎవరైనా పోయి ఉంటే, ఆట మొదలయ్యే ముందు ఆయన జట్టులోని దగ్గరి స్నేహితుడు బంతిని ఆయన నిలబడే ఖాళీ జాగా వైపు కొట్టాలి. కొట్టాక దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఎంతదూరం పోతుందో పోనివ్వాలి, ఎక్కడ ఆగుతుందో ఆగనివ్వాలి. ఆ ఒక్క బంతి పోయినవాడిది. అది ఆగేదాకా మాట్లాడకూడదు, కర్ర ఎత్తకూడదు. తాత ఈ కానూను పెట్టి, మొట్టమొదటి బంతి తనే తీసుకున్నాడు. బయలు పడమటికి వాలి ఉండటంవల్ల ఆ బంతి ఎంతకీ ఆగలేదు, పోశెట్టి కాక ఉండబట్టలేక, "ముసలోడు పోయినంక గూడ ఎవ్వలకు బంతి ఇస్తలేడు" అన్నాడు, కానూను తప్పి అందరూ నవ్వారు. మరుసటి వానాకాలంలో పోశెట్టి కాక చొక్కా కుడుతూ కుడుతూ మిషన్ మీద తల వాల్చేశాడు. కాలింకా మిషన్ పెడల్ మీదే ఉందట.

కాక దినాలైన వారానికి నాయన ట్యూబుకు గాలి కొడుతూ, పంపు పట్టుకునే కూలబడ్డాడు. అమ్మ ఆ రోజు చెల్లెలింటికి పోయి ఉంది. నన్ను తోడు తీసుకుని పెద్ద దవాఖానకు పోయాడు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, నావైపు కూడా ఒకసారి చూసి, గుండె బలహీనంగా ఉందనీ, పరుగులూ బరువులూ సైకిల్ తొక్కడమూ అన్నీ ఆపేయాలనీ, ఆపకపోతే ఆపైన తను చేయగలిగింది ఏమీ ఉండదనీ చెప్పింది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని గోళీలు రాసిచ్చింది. బయట హోటల్లో నాయన నాకు ఛాయ్, బిస్కెట్లు ఇప్పించాడు. మా ఇంట్లో ఛాయ్ బిస్కెట్లతో మొదలైన మాట మంచిది కాదని నాకు అప్పటికే తెలుసు.

"మీ అమ్మకు చెప్పకు."

"చెప్ప."

"ఎవ్వలకు చెప్పకు."

"చెప్పనంటి గద. మరి నువ్వు దసరాకు ఆడవు గద?"

నాయన బిస్కెట్ ఛాయ్‌లో ముంచాడు. తీయడం మరిచిపోయాడు, అది విరిగి లోపల పడిపోయింది.

"పోశెట్టి బంతి నేను కొట్టకుంటె ఎవడు కొడ్తడే? ఉన్నదే ఆరుగురం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. నేను తప్పుకుంటె ఇటు ఇద్దరే. ముగ్గురి కంటె తక్వుంటె ఆట లేదని తాత చెప్పిపాయె. ఆట లేకుంటె బంతి లేదు." గ్లాసు కింద పెట్టి, "ఒక్క చక్కరే బిడ్డా" అన్నాడు. చక్కర్ అంటే ఏడు నిమిషాల ఆట.

ఆ ఏడు బతుకమ్మ తొమ్మిది రోజులూ నేను ఆ ఏడు నిమిషాలను మోసుకు తిరిగాను. తంగేడు పూలకు బండలెక్కినా, గునుగు కోసి కట్టలు కట్టి రంగుల్లో ముంచినా, సద్దుల రోజు అమ్మ నువ్వుల పొడీ పెరుగన్నమూ మలీద ముద్దలూ ఆకులో పెట్టి చేతికిచ్చినా, నాలుకకు రుచి తెలియలేదు. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను వాళ్ళ మధ్య అడుగు తప్పుతూ, నాయన దుకాణం అరుగు మీద దమ్ము తీసుకునే తీరును దూరం నుంచే లెక్కపెట్టుకునేదాన్ని. ఒక రోజు ఆగలేక, మాట తప్పి, "అమ్మా, నాయిన గుండె మంచిగ లేదట" అనేశాను. అమ్మ మలీదకు బెల్లం దంచుతోంది. "నీ నోరు మంచిగుందా? పోయి ఇంకో బెల్లం గడ్డ తే" అంది.

తప్పు అమ్మది కాదు. బస్తీలో నా మాటకు విలువ అలా ఉండేది. ఆట మధ్యలో పాము పామని అరిచి ఎనిమిదిమందిని చెట్లెక్కించింది నేను. మూర్తిగారి దగ్గరికి వగరుస్తూ పోయి, సారూ మీ ఆఫీసుకు రేపు సెలవట అని చెప్పి, ఆయన మర్నాడు పదకొండింటి దాకా నిద్రపోయేలా చేసింది నేను. బడిలో అయితే ఏడో తరగతి నన్ను భరించలేక అప్పటికే నన్ను మానేసే ఆలోచనలో ఉంది, ఆ ఏడు చివరికి మానేసింది కూడా. అందరూ నవ్వే నోరు నాది, నమ్మే నోరు కాదు. ఆ సంగతి నాకు అంతకుముందు గర్వంగా ఉండేది.

దసరా రోజు ఆయుధపూజకని సైకిళ్ళన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా నిలబెట్టాం. కిరాయి సైకిల్ ఒకటి తీసుకుని ఎవరో పిల్లవాడు వాలులో దిగుతూ పోయాడు. తొక్కడం ఆపి, కాళ్ళు రెండూ కదపకుండా పెట్టుకుని, హాయిగా. కిరాయి సైకిళ్ళకు వెనక ఫ్రీవీలు ఉంటుంది, కాళ్ళు ఆగినా చక్రం దారిన చక్రం పోతుంది. నాయన సైకిల్‌కు అదుంటే? తొక్కినప్పుడు తొక్కుతాడు, ఆయాసమొస్తే కాళ్ళు ఆపి జారిపోతాడు. ఏడు నిమిషాల్లో సగం విశ్రాంతే. నా తెలివికి నాకే ఒళ్ళు జలదరించింది. మధ్యాహ్నం నాయన పెద్దలకు జమ్మి పెట్టి రావడానికి పోయినప్పుడు, కిరాయి సైకిల్ వెనక చక్రం ఊడదీసి నాయన సైకిల్‌కు, నాయనది దానికి బిగించాను. రెండు నట్లు, ఒక గొలుసు, పది నిమిషాల పని. ఫ్రీవీలు టిక్ టిక్‌మని చప్పుడు చేసి పట్టిస్తుందని దాని నిండా గ్రీజు కూరాను.

మర్నాడు పొద్దున సైకిల్‌ను నేనే నడిపించుకుని పోయాను. పెడళ్ళు తిరగడం లేదని ఎవరైనా చూస్తారేమోనని నా లంగా అడ్డం పెట్టుకుని నడిచాను. ఎండింకా లేతగా ఉంది. బండల సందుల్లో సీతాఫలాల వాసన. బయలు పై అంచున ఒక గోలు, పడమటి వాలు దిగువన ఇంకో గోలు, దాని వెనక సున్నం కొట్టిన రాళ్ళ వరస, ఆ వరస వెనక జంగయ్య మామ వాళ్ళు ఏళ్ళ తరబడి రాళ్ళు తీసిన క్వారీ గుంత. నాలుగు నిలువుల లోతు, అడుగున పచ్చటి నీళ్ళు. సున్నం రాళ్ళు దాటి ఎన్నడూ ఎవరూ పోలేదు, ఎందుకంటే అక్కడికి చాలా ముందే అందరి తొడలూ పని మొదలుపెట్టేవి.

నాయన ఆట బనీనుకు జేబు లేదు. గోళీ ఒకటి తీసి నా చేతిలో పెట్టి పిడికిలి మూశాడు.

"గుర్రానికి ఉలవలు పెట్టినవా?"

"పెట్టిన."

"నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాను. ఆ రోజు తినలేదు.

పోశెట్టి కాక బంతి కొట్టేటప్పుడు నాయన సైకిలెక్కి ఒక కాలు నేల మీద ఆనించి, కర్ర లేపి, చాలాసేపు కొట్టలేదు. తర్వాత కొట్టాడు. బంతి కాస్త దూరం ఉరికి, గునుగు దుబ్బు ఒకటి కనపడగానే దాని నీడలో చేరి ఆగిపోయింది. పోశెట్టి కాకే కదా అనిపించింది. బతికున్నప్పుడూ అంతే, నాలుగు తొక్కులు తొక్కి నీడ వెతుక్కునేవాడు. ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో నేను ఆ బంతినే చూస్తూ, ఇంకొక దసరాకు ఇది ఇంకెవరి బంతో కాకూడదని, ఆ పేరు మనసులో కూడా పలకకుండా మొక్కుకున్నాను.

ఆట మొదలైంది. మొదటి ఊపంతా ఎగువ గోలు వైపే నడిచింది. ఎక్కుడు కాబట్టి నాయన కాళ్ళు ఆపే సందర్భమే రాలేదు, చక్రం సంగతి ఆయనకు తెలియలేదు. నాకు గడియారం లేదు. అరవై దాకా లెక్కపెడితే ఒక నిమిషమని మూర్తిగారు నేర్పారు, అలా లెక్కపెడుతున్నాను. మూడు అరవైలయ్యాయి. నాయన నోరు తెరుచుకుని గాలి పీలుస్తున్నాడు. నాలుగో అరవై సగంలో తెల్ల జట్టు అన్నదమ్ముల్లో ఒకరు ఎగువ నుంచి బంతిని బలంగా కిందికి కొట్టారు. అది పడమటి వాలు పట్టుకుంది. ఎర్ర జట్టులో చివరి మనిషి నాయన. సైకిల్ తిప్పి దాని వెంట పడ్డాడు. కుడి వెనక జంగయ్య మామ, ఎడమవైపు కాస్త దూరాన మూర్తిగారు.

దిగువ గోలు దగ్గర పడుతుండగా జంగయ్య మామ తొడలు బిగుసుకోవడం చూశాను. మూర్తిగారివీ బిగుసుకున్నాయి. వాళ్ళు పెడళ్ళను వెనక్కి అదుముతున్నారు. నాయన కూడా అదిమాడు. ఆయన కాళ్ళు వెనక్కి గిర్రున తిరిగాయి, ఏమీ దొరకనట్టు, నీళ్ళలో తన్నినట్టు. సైకిల్ వేగం పెరిగింది. గ్రీజును చీల్చుకుని టిక్ టిక్ టిక్‌మనే చప్పుడు నా దాకా వచ్చింది.

నేను చేసిన పని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన కాళ్ళకు విశ్రాంతి ఇచ్చాననుకున్నాను. ఆయనకున్న ఒకే ఒక్క బ్రేకును తీసేశాను.

"నాయిన సైకిల్‌కు బ్రేకు లేదు" అని అరుస్తూ పరుగెత్తాను.

"ఎవని సైకిల్‌కు ఉన్నదే?" అన్నాడు అన్నదమ్ముల్లో ఒకడు. అందరూ నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, ఎనిమిది సైకిళ్ళ క్లబ్బులో ఒక్కదానికీ బ్రేకు లేదని బస్తీలో కుక్కలకు కూడా తెలుసు.

నాయన చెప్పును నేలకేసి రాశాడు. చెప్పు ఊడి ఎగిరిపోయింది. సున్నం రాళ్ళు ఇక ముప్పై గజాలుంటాయి.

"జంగయ్య మామా, ఫ్రీవీలు ఏసిన. నేనే ఏసిన. నాయిన గుండె మంచిగ లేదు, డాక్టర్ తొక్కొద్దన్నది."

జంగయ్య మామ తల తిప్పి నా మొహం చూశాడు. ఒక్క క్షణమే. నా మొహంలో ఆ రోజు నవ్వు లేదని ఆయనకు కనిపించి ఉంటుంది. అదుముతున్నవాడు అదమడం మానేసి, తొక్కాడు. దిగుడులో అంత వేగంగా తొక్కినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నాయన కుడి పక్కకు చేరి భుజానికి భుజం ఆనించి, అప్పుడు పెడళ్ళు అదిమాడు. రెండు సైకిళ్ళూ ఎడమకు ఒరిగాయి గానీ ఆగలేదు. అటువైపు పట్టడానికి ఎవరూ లేరు. మూర్తిగారు చాలా ఎడంగా ఉన్నారు. ఆయన అందుకోవాలంటే ఒకటే మార్గం, నాయన దారిని అడ్డంగా కోసుకుని రావాలి.

"సాయిలు గారూ, తప్పు నాదేనండి" అంటూ మూర్తిగారు అడ్డం పడ్డారు.

మూడు సైకిళ్ళూ ఒకదానికొకటి గుద్దుకుని, హ్యాండిళ్ళు మెలిపడి, నాయన మధ్యలో ఇరుక్కుని, అటూ ఇటూ రెండు జతల తొడలు పెడళ్ళ మీద బిగిసి, చక్రాలు మట్టిని దున్నుకుంటూ పోయాయి. దుమ్ములో ఏమీ కనిపించలేదు. బంతి మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా సున్నం రాళ్ళ సందులోంచి దూరిపోయింది. కాసేపటికి గుంతలోంచి టప్పుమని వినిపించింది. నేను నిలబడిపోయాను. రెండో చప్పుడు కోసం విన్నాను. రాలేదు.

దుమ్ము తగ్గాక చూస్తే నాయన సైకిల్ ముందు చక్రం సున్నం రాయిని ఆనుకుని ఉంది. నాయన నేల మీద కూర్చుని ఉన్నాడు, చెయ్యి రొమ్ము మీద ఉంది. నా పిడికిలి తెరిస్తే గోళీ చెమటకు సగం కరిగిపోయి ఉంది. మిగిలిన సగాన్నే నాలుక కింద పెట్టాను. అందరూ పోయినవాడి బంతి దొర్లుతున్నప్పటిలాగే నిలబడ్డారు. నాయన మొహంలోకి నెత్తురు తిరిగి రావడం చూస్తూ ఎన్ని అరవైలు లెక్కపెట్టానో గుర్తులేదు.

మొదట నోరు విప్పింది నాయనే. నావైపు చూడకుండా, "ఇగ ఆడేది లేదు. ఆడనోడు మెంబరెట్లయితడు" అన్నాడు.

మల్లయ్య తాత విజిల్, ఆయన పోయినప్పటినుంచి ఎగువ గోలు దగ్గర సీతాఫలం చెట్టుకు వేలాడుతూ ఉండేది. జంగయ్య మామ నడుచుకుంటూ పోయి దాన్ని తెచ్చి నాయన మెడలో వేశాడు.

"తాత ఆడిండా?" అన్నాడు. ఆ రోజుకు ఆయన రెండు మాటలూ అయిపోయాయి.

మూర్తిగారి మోకాలు చీరుకుపోయి ఆఫీసు ప్యాంటు మీదికి నెత్తురు దిగుతోంది. ఆయన దాన్ని పట్టించుకోకుండా నాయన ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నేను దారి కోశానండి. మీరు విజిల్ వెయ్యాలి" అన్నారు. నాయన ఆయన వంక చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకుని, ఉన్న కాస్త ఊపిరితో ఊదాడు. తాత ఊదినప్పటిలాగే అది దగ్గి, మూలిగి, చివరికి పలికింది.

ఆ సాయంత్రం అమ్మకు అంతా తెలిసింది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది రాస్తే అమ్మ ఇప్పటికీ ఊరుకోదు. నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు దుకాణంలో ట్యూబుకు సొల్యూషన్ రాస్తూ, ఆరేదాకా నోటితో ఊదుతూ, "ఇంకోసారి చక్రం మారిస్తె చెప్పి మార్చు" అన్నాడు. అంతే. గాలి కొట్టే పంపు ఆ రోజు నుంచి నా చేతికొచ్చింది. బంతిని జంగయ్య మామ మోకు కట్టుకుని గుంతలో దిగి తెచ్చాడు.

నాయన విజిల్‌తో చాలా దసరాలు చూశాడు. జట్టుకు ముగ్గురు తగ్గినప్పుడల్లా బస్తీ కుర్రాళ్ళను మెంబర్లుగా తీసుకున్నాడు, వాళ్ళూ ఒక్కొక్కరే బస్తీ వదిలిపోయారు. జంగయ్య మామ ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుని పోయాడు. ఆయన బంతి చడీచప్పుడూ లేకుండా తిన్నగా పోయి ఆగింది. మూర్తిగారు పిల్లల ఉద్యోగాలతో పాటు గచ్చిబౌలి ఫ్లాటుకు మారినా ఆటకు మాత్రం రెండు బస్సులు మారి వచ్చేవారు. ఆయన పోయిన ఏటికి బయలుకు సగం దాకా నీలం రేకులు కట్టేశారు. ఆయన బంతి రేకుకు తగిలి ఆగింది, ఎవరి దారికీ అడ్డం పడకుండా. తర్వాత అన్నదమ్ముల్లో ఇద్దరు ఒకరి వెనక ఒకరు పోయారు, అందరిలోకి చిన్నవాడు మిగిలాడు, ఆయనకు కళ్ళు పోయాయి. నాయన పోయేసరికి రేకులు మొత్తం మూసుకున్నాయి. బయలు లేదు, ముగ్గురు లేరు, ఆట లేదు. బంతిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. ఏ సందులోనో దొర్లించవచ్చు, ఆ మాట నాకూ తట్టింది. కొట్టనంతకాలం ఆయన ఇంకా మెంబరే కదా అని ఒక మొండితనం.

మొన్న దసరా తెల్లారి ఒక ఆఫీసు క్యాంపస్ నుంచి ఫోను వచ్చింది, ఎవరిదో స్కూటీ పంక్చరు, వచ్చి చేస్తారా అని. అడ్రసు వినగానే నా చేతులు పెట్టెలోకి పోయాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి పెట్టె తెరిపించి అన్నీ తీసి చూశాడు.

"ఇదేందక్కా?"

"బంతి."

"బంతులు అలో లేదు."

"పేలదు తమ్మీ. చాలా ముసలిది."

నవ్వి వదిలేశాడు. క్వారీ గుంత ఉన్నచోట ఇప్పుడు కింద రెండంతస్తుల పార్కింగు. తవ్వే పని జంగయ్య మామ సగం ముందే చేసిపెట్టాడు. స్కూటీ పని అయ్యాక పైకొచ్చి గేటు లోపలి గ్రానైటు బండల మీద నిలబడ్డాను. గునుగు లేదు, సీతాఫలం లేదు, సున్నం రాళ్ళు లేవు, ఉలవల వాసన లేదు, సైకిల్‌ను గుర్రమనుకునే మనుషులు ఒక్కరూ లేరు. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు ఫోన్లు చూసుకుంటూ నడుస్తున్నారు. కర్ర లేదు గనుక వంగి, బంతిని నేల మీద పెట్టి, చేత్తో మెల్లగా తోశాను.

అది కదలదేమో అనుకున్నాను. కదిలింది. అంత రాయి పరిచి, అంత సిమెంటు పోసి, నేల వాలు మాత్రం ఎవరూ సరిచేయలేదు. బంతి పడమటికే తిరిగింది. పూలకుండీల పక్కనుంచి, ఒక అమ్మాయి చెప్పుల పక్కనుంచి దొర్లుతూ పోయింది. సెక్యూరిటీ అబ్బాయి ఎదురొచ్చి దాన్ని ఆపడానికి కాలు లేపాడు.

"ముట్టకు తమ్మీ" అన్నాను. "ఆగనీ."

నా గొంతులో ఏం వినపడిందో, అతను లేపిన కాలు దించకుండానే నిలబడిపోయాడు. బంతి అతని బూటు కిందనుంచి పోయింది. ఇద్దరమూ మాట్లాడలేదు. అది నెమ్మదించి, ఒకసారి ఊగి, అటా ఇటా అన్నట్టు తడుముకుని, ఆగింది.

అతను అప్పుడు కాలు దించాడు. "ఇగ తీస్కోవచ్చా అక్కా?" అని అడిగాడు.

తీస్కోమన్నాను. వంగి రెండు చేతులతో తీసుకొచ్చి ఇచ్చాడు.